నీళ్ళమామ పౌడరు మొక్కలు

సింహాసనం మీద కూర్చుని ఏలినవాళ్ళ గురించి చరిత్ర బోలెడంత రాసుకుంది. గొంతుక్కూర్చుని ఏలినవాళ్ళను మాత్రం పట్టించుకోలేదు. నీళ్ళమామ ఆ రెండో తెగకు చెందినవాడు. తెల్లవారుతూండగానే రోడ్డు మీది వాల్వు గుంట పక్కన గొంతుక్కూర్చుని, తన భుజమెత్తు ఇనుప తాళాన్ని గుంటలోకి దించి, పళ్ళు బిగించి తిప్పేవాడు. ఒక గుంటలో తిప్పితే పల్లపు వీధిలో కుళాయిలు దగ్గేవి. ఇంకో గుంటలో తిప్పితే బజారు వీధిలో బకెట్లు బారులు తీరేవి. ఆయనకు జలుబు చేస్తే వీధి వీధంతా మందులు చెప్పేది. ఆయన ఆరోగ్యం మీద ప్రేమ కొద్దీ కాదు, తాళం ఎవరి చేతికి పోతుందోనన్న దిగులు కొద్దీ.

అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. భార్య "ఏవండీ" అంటుంది, మరదలు "బావా" అంటుంది, తక్కిన లోకమంతా "నీళ్ళమామా" అంటుంది. మూడింటికీ పలుకుతాడు.

మామకు రెండు గర్వాలుండేవి. మొదటిది చెవి. ఇనుప కడ్డీ ఒక కొసను రోడ్డుకు, రెండో కొసను చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడంటే, నేల అడుగున ఏ పైపు ఎక్కడ కారుతోందో చెప్పేసేవాడు. ఆయన కారడం అనేవాడు కాదు, ఏడవడం అనేవాడు. "ఇదిగో, ఇక్కడ ఏడుస్తోంది" అని సుద్దతో గీత గీస్తే, తవ్వినవాళ్ళ కాళ్ళు తడవాల్సిందే. రెండో గర్వం చెయ్యి. "నేను బిగించిన జాయింటు ఈనాటి వరకూ కన్నీటి చుక్క రాల్చి ఎరగదు" అనేవాడు. పెళ్ళిళ్ళలో అనేవాడు, మంగలి కుర్చీలో అనేవాడు, పళ్ళ డాక్టరు నోట్లో దూది కుక్కాక కూడా అన్నాడు. డాక్టరుకు ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ మామకు తృప్తిగానే ఉంది.

ఈ రెండు గర్వాలకూ స్మారక చిహ్నంలా పంపుహౌసు వాకిట్లో ఒక పూలమడి ఉండేది. మీసం నూనూగుగా ఉన్న రోజుల్లో, తన మొట్టమొదటి జాయింటు బిగించి మట్టి పూడ్చిన సంబరంలో, ఆ మట్టి మీదే ఒక మెట్టతామర దుంప నాటాడు. అది పిల్లలు పెట్టింది, ఆ పిల్లలు మళ్ళీ పిల్లలు పెట్టాయి. ఏటేటా నాటే పని లేదు. చచ్చినట్టు నటించి మళ్ళీ లేచే జాతులనే మామ చుట్టూ చేర్చాడు. మెట్టతామరలు మనిషెత్తు పెరిగి, వెడల్పాటి ఆకులతో దర్జాగా, మేనమామ ఇంటికి వచ్చిన మేనల్లుళ్ళలా ఉండేవి. ఎవరైనా ఆశ్చర్యపోతే మామ అరచెయ్యి చూపించేవాడు.

"వారానికి ఒక్క మగ్గండీ. ఒట్టు. తక్కినదంతా చేతి చలవ."

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువు అడుగు కనబడింది. ఊరికి కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మ, కళ్ళజోడు, టోపీ, వంచలేని వెన్నెముక కలిగిన మనిషి, మామను గదిలోకి పిలిచింది.

"మేస్త్రీ గారూ, ట్యాంకు నుంచి బయల్దేరిన నీళ్ళు మెరక వీధికి చేరడం లేదు. దారిలో ఎవరు తాగుతున్నారు?"

"గేటు దగ్గర మొదలెట్టి మెరక వీధి చివరిదాకా కడ్డీ పెట్టి విన్నాను మేడమ్. ఎక్కడా ఏడుపు లేదు."

మేడమ్ చూపు కిటికీలోంచి మెట్టతామరల మీద వాలింది. "మరి వీటికి ఎన్ని నీళ్ళు పోస్తున్నారు?"

"వారానికో మగ్గు."

"వారానికో మగ్గుతో నా టేబులు మీది మనీప్లాంటే బతకడం లేదండీ."

"హస్తవాసి మేడమ్."

ఇంజినీరింగు చదువులో హస్తవాసికి పాఠం లేదు. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీ మాట నేను నమ్ముతాననుకోండి. మెరక వీధివాళ్ళు నమ్మాలి కదా! కుళాయిలో గాలి తప్ప ఏమీ రానివాళ్ళు, పంపుహౌసు ముందు ఈ అడవి చూసి ఏమనుకుంటారు? తీసేయించండి. సిమెంటు పలకలు పరిపిద్దాం."

మామ తల మీద ట్యాంకు కూలినట్టయింది. రోజూ ఆ మడి గట్టు మీదే కారియర్ విప్పుకుంటాడు. వచ్చే ఏడు రిటైరయ్యాక తాళం, కడ్డీ అప్పజెప్పి వెళ్ళిపోవాలి. పైపులు నేలలో ఉంటాయి, ఎవరూ చూడరు. తను పనిచేశాడని చెప్పడానికి పైకి కనబడేది ఆ మడి ఒక్కటే.

"ఒక్క చుక్క తాగని మొక్కలు పెడతాను మేడమ్!" అన్నాడు. నోరు ముందు అంది, బుర్ర తరవాత విన్నది. "పాతవాటికీ ఇకమీదట మగ్గు బంద్. వాన పడేలోగా ఆ కొత్తవి పూస్తే మడి ఉంచండి. పూయకపోతే సిమెంటు నేనే కలుపుతాను."

మేడమ్ కాసేపు ఆలోచించింది. "నీళ్ళ శాఖ వాకిట్లో నీళ్ళు తాగని తోట. బాగానే ఉంటుంది. సరే. చుక్క పడినట్టు తెలిసిందో..."

"మేడమ్, ఆ మాట నాకు చెబుతున్నారా!"

మెరక వీధి చివర మామ మరదలు నర్సరీ నడుపుతుంది. నోరు, కత్తెర రెండూ పదునే. మామ సైకిలు దిగేలోగానే అందుకుంది.

"ఏం బావా, దారి తప్పావా? అక్క ఇంట్లోంచి వెళ్ళగొట్టిందా?"

"నీళ్ళు అడగని మొక్క కావాలి."

"ప్లాస్టిక్‌ది ఇవ్వనా?"

"పూలు పూయాలి."

"ప్లాస్టిక్‌వి పూసే పుడతాయి."

"వాసన కూడా రావాలి" అన్నాడు మామ పంతానికి.

మరదలు నవ్వి, వెనక్కి వెళ్ళి ఒక చిన్న కుండీ తెచ్చి చేతిలో పెట్టింది. సన్నటి ఆకులు, బూడిద పూసుకున్న రంగు, ఎండిన చీపురుకు దూరపు చుట్టంలా ఉంది.

"ఇది చచ్చిపోయింది కదే!"

"చావలేదు, దాని ఒంటిరంగే అంత. ఒక ఆకు నలిపి చూడు."

మామ నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. "ఇది... ఇది మీ అక్క పెళ్ళిచూపుల్లో రాసుకున్న పౌడరు!"

"లావెండరు బావా. చల్లటి కొండల మీద రాళ్ళలో పెరిగే రకం. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉంటుంది. ఊదారంగు కంకులు వేస్తుంది. నీ పుణ్యమా అని మా వీధికి నీళ్ళు రావడం లేదుగా, అందుకే ఇలాంటివే తెప్పిస్తున్నా."

"నా పుణ్యం ఏముందే మధ్యలో!"

"సరే, నా పాపం. విను. మట్టిలో సగానికి సగం కంకర కలుపు. ఎండ ఎంతైనా పెట్టు. ఇది వాడినట్టు నటిస్తుంది, జాలిపడకు. జాలిపడి ఓ చెంబు పోశావో, వేరు కుళ్ళి చస్తుంది."

"నీళ్ళు పడని ప్రాణి ఉంటుందా ఎక్కడైనా?"

"మా ఆయన లేడూ? స్నానమంటే గోడ దూకుతాడు. నిక్షేపంలా ఉన్నాడు."

మామ ఒక ట్రే నిండా మొక్కలు సైకిలు వెనక కట్టుకుని, గుడ్లు మోస్తున్నవాడిలా నడిపించుకుంటూ తెచ్చాడు. మర్నాడు పొద్దున్నే మెట్టతామరల ముందు వరసలో కంకర కలిపి నాటాడు. సాయంగా పంపు ఆపరేటరు వచ్చాడు. ఇతణ్ణి అందరూ ఆవలింత అంటారు. పంపుల హోరు మధ్య పనిచేసేవాడికి నిద్ర ఎలా వస్తుందనేది ఎవరూ ఛేదించలేని విషయం.

"గురువుగారూ, నాటాక నీళ్ళు పెట్టొద్దా?" అన్నాడు ఆవలింత, మగ్గు పట్టుకుని.

"ఆ మగ్గు దించు!" మామ గావుకేకకు ఆవలింత సగం ఆవలింతలోనే నోరు మూసుకున్నాడు. "వేళ్ళు అంటుకోవడానికి మరదలు అక్కడే ఓసారి తడిపింది. ఇక ఇవి తపస్సు చేస్తున్నాయి. భంగం చెయ్యకు."

ఆ తరవాత రోజులు మామకు పండగ రోజులు. ఎంత ఎండ కాస్తే అంత ఉషారు. ఊరంతా ఆకాశం చూసి ఉసూరుమంటుంటే, ఆయన ఒక్కడు ఆకాశం చూసి "భేష్!" అనేవాడు. వీధిలో కొందరికి అది నచ్చలేదు. దారిన పోయేవాళ్ళను ఆపి ఆకు నలిపి వాసన చూపించేవాడు. అలా చూపించి చూపించి ఒక మొక్కను బోడి చేశాక, ఇంకో మొక్కను ప్రదర్శనకు పెట్టాడు. జనం వాటికి పౌడరు మొక్కలని పేరు పెట్టారు.

ఒకనాటి పొద్దున మొక్కలు తలలు వాల్చాయి.

మామకు మరదలి మాట గుర్తుంది, జాలిపడలేదు. మర్నాడు కింది ఆకులు పసుపయ్యాయి. జాలిపడలేదు. ఆ మర్నాడు నల్లబడ్డాయి. ఇక జాలి కాదు, అనుమానం పుట్టింది. ఎవరో దొంగచాటుగా నీళ్ళు పోస్తున్నారు!

విచారణ ఇంట్లోనే మొదలైంది. భార్య రోజూ మధ్యాహ్నం కారియర్ తెస్తుంది.

"నిజం చెప్పు. మడిలో నీళ్ళు పోశావా?"

"అయ్యో, నేనెందుకు పోస్తానండీ!" అంది ఆవిడ. మరి కాసేపటికి, "కారియర్ కడిగిన నీళ్ళు నీళ్ళ కింద లెక్కా?" అంది.

"లెక్క కాక?"

"పాపం, మొహం వాడిపోయి ఉంటేనూ! పిల్లల తల్లిని, చూస్తూ ఊరుకుంటానా?"

మామ తల పట్టుకుని ఆవలింత వైపు తిరిగాడు. ఆవలింత అడక్కుండానే లొంగిపోయాడు. "నిద్ర రాకుండా మొహం కడుక్కుంటాను గురువుగారూ. ఆ నీళ్ళు ఎక్కడో ఒకచోట పడాలి కదా!"

"నువ్వు మొహం కడుక్కోవడం కూడానా! ఆ ఫలితం ఎవరి మీదా కనబడటం లేదే! నీ నిద్రా పోలేదు, నా మొక్కా బతకలేదు."

శాసనాలు వెలువడ్డాయి. కారియర్ ఇంటికే వెళ్ళి స్నానం చెయ్యాలి. ఆవలింత మొహం గేటు బయట కడుక్కోవాలి. పంపుహౌసులోని మగ్గులన్నీ మామ బీరువాలోకి చేరాయి. దాంతో సిబ్బంది చేతులు దోసిలి పట్టి తాగాల్సి వచ్చింది. నీళ్ళ శాఖలో మగ్గులకు కరువు రావడం అదే మొదటిసారి.

మళ్ళీ మరదలి దగ్గర ఇంకో ట్రే. మళ్ళీ నాటడం. ఈసారి మామ మడి గట్టు మీదే కుర్చీ వేసుకుని, వాల్వులు తిప్పే వేళలు తప్ప కదలలేదు. పిట్ట వాలితే దాని ముక్కు తడిగా ఉందా అని చూశాడు.

మళ్ళీ తలలు వాల్చాయి.

అటు మేడమ్ కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఒకనాడు బయటికొచ్చి, "పలకలవాళ్ళు కొలతలకు వస్తామంటున్నారు మేస్త్రీ గారూ" అంది, మెల్లగానే. ఆ మెల్లదనమే మామను ఎక్కువ గుచ్చింది. కసిరితే బాగుండేది.

ఆయన సైకిలెక్కి వెళ్ళి మరదల్ని వెంటబెట్టుకొచ్చాడు. దారంతా తిట్టుకుంటూనే వచ్చాడు. "నువ్వు నాకు రోగిష్టి మొక్కలు అంటగట్టావు."

"నీ దగ్గరికొస్తే పహిల్వానుకైనా రోగమే. ముందు చూడనీ."

మరదలు మడి దగ్గర కూర్చుంది. వాడిన మొక్కనొకదాన్ని పట్టి లాగింది. అది ప్రతిఘటించకుండా వచ్చేసింది. వేళ్ళు నల్లగా, మెత్తగా ఉన్నాయి. ఆవిడ వాసన చూసి మొహం ముడుచుకుంది.

"బావా, ఇది దాహంతో చావలేదు. మునిగి చచ్చింది."

"నేను కుర్చీ వేసుకు కూర్చున్నానే! ఒక్క చుక్క..."

"ఉండు." మొక్క పీకిన చోట చెయ్యి మోచేతి దాకా దూర్చి ఒక ముద్ద మట్టి తీసి పిడికిట్లో పిసికింది. ఊరిలో నేలంతా బీటలు వారిన రోజులు. ఆ పిడికిట్లోంచి వేళ్ళ సందుల్లో నీళ్ళు కారాయి.

ఆవలింత నిద్ర మొత్తం వదిలిపోయింది. "పైన పొడి, లోపల బురద!"

మరదలు వెనకనున్న మెట్టతామరలను చూసింది. నిగనిగలాడుతున్నాయి. "బావా, వీటికి నీళ్ళు పోసి ఎన్నాళ్ళయింది?"

"మేడమ్‌కు మాటిచ్చిన్నాటి నుంచి ఒక్క మగ్గూ లేదు. చేతి చలవ వల్ల..."

"నీ చలవ సంగతి ఉంచు. నీళ్ళు లేకపోతే చావాల్సినవి పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. నీళ్ళు లేకపోతే బతకాల్సినవి చస్తున్నాయి. ఈ మడి కింద ఏముంది?"

మామ నోరు తెరిచాడు. ఈ మడి కింద ఏముందో ఆయన కంటే బాగా తెలిసినవాళ్ళు భూమ్మీద లేరు. మెరక వీధికి వెళ్ళే పెద్ద పైపు ఉంది. ఆ పైపుకు ఒక జాయింటు ఉంది. మొట్టమొదటిది. కన్నీటి చుక్క ఎరగనిది.

ఆయన లోపలికి వెళ్ళి కడ్డీ తెచ్చాడు. ఇన్నేళ్ళలో ఊరంతా ఆ కడ్డీ పెట్టి విన్నాడు గానీ, ఎప్పుడూ గేటు దగ్గరే మొదలుపెట్టేవాడు. గేటు లోపల వినాల్సిన అవసరం ఉందని ఎందుకనుకుంటాడు? అక్కడున్నది తన చెయ్యి కదా! పైగా పంపుల హోరు ఒకటి.

"తమ్ముడూ, పంపులు ఆపు."

"ఇప్పుడా?"

"ఒక్క నిమిషం ఆపరా నాయనా!"

హోరు ఆగింది. ఆ నిశ్శబ్దానికి పావురాలు కూడా కంగారుపడి ఎగిరాయి. మామ మోకాళ్ళ మీద వంగి, కడ్డీని మెట్టతామరల మొదట్లోకి దించి, చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

చాలాసేపు మొహంలో ఏమీ లేదు. ఆ తరవాత కనుబొమలు లేచాయి. చూస్తున్న ముగ్గురూ, అప్పుడే కారియర్‌తో వచ్చిన భార్యతో సహా, ఆ మొహంలో దుఃఖం వస్తుందని ఎదురుచూశారు. వచ్చింది కూడా. కాని దానికంటే ఒక అడుగు ముందు ఇంకోటి దూసుకొచ్చింది. ఏళ్ళ తరబడి దొంగలను పట్టినవాడికి, తన జీవితంలోకెల్లా పెద్ద దొంగ దొరికితే కలిగే ఉత్సాహం.

"ఏడుస్తోంది!" అని అరిచాడు. "అబ్బో, ఏం ఏడుపే! సన్నగా, గుక్కపట్టి! ఇలాంటి ఏడుపు నేనెప్పుడూ వినలేదు! నువ్వు విను, రా, నువ్వు కూడా!"

మరదలు విన్నది. ఆవలింత విన్నాడు. భార్య కారియర్ దించి, కడ్డీకి చెవి ఆనించి, "అయ్యో, పసిపిల్లలాగే ఉందండీ" అంది.

అప్పుడు వచ్చింది దుఃఖం. మామ గట్టు మీద కూర్చుండిపోయాడు.

"అది నేను బిగించిన జాయింటు" అన్నాడు.

ఆవలింత గొంతు తగ్గించి దగ్గరికి జరిగాడు. "గురువుగారూ, నేనొక మాట చెబుతా. మడికి ఆ చివర, గోడ పక్కన, నేల పొడిగానే ఉంది. అక్కడ పెట్టిన నాలుగు మొక్కలూ బాగానే ఉన్నాయి చూడండి. మిగతావి కూడా అక్కడికి మార్చేద్దాం. పూస్తాయి. మేడమ్ మాట నిలబెట్టుకుంటుంది. మడి ఉంటుంది, మీ పేరూ ఉంటుంది. కింద సంగతి మీరు రిటైరయ్యాక వచ్చేవాడు చూసుకుంటాడు."

చెడ్డ సలహా కాదు. నిజానికి చాలా మంచి సలహా, అదే దాని ప్రమాదం. మామ గోడ పక్కనున్న మొక్కల వైపు చూశాడు. బూడిదరంగు తలలెత్తి నిక్కి చూస్తున్నాయి. తవ్విస్తే మడి నడిబొడ్డు తవ్వాలి. మెట్టతామరలు పోతాయి. వాన పడేలోగా పూసే మాట దేవుడెరుగు. ఇక ఈ ఊళ్ళో ఏ పెళ్ళిలోనూ జాయింటు ఊసెత్తే వీలుండదు.

మరదలు చేతి బురద కొంగుకు తుడుచుకుంటోంది. హాస్యం ఆడలేదు. ఆవిడ హాస్యం ఆడకపోవడమే మామకు వింతగా తోచింది. మెరక వీధి చివరి ఇల్లు ఆవిడది. పొద్దున్నే లేచి పల్లపు వీధి దాకా దిగి బకెట్లు మోసుకెళ్తుందని ఆయనకు తెలుసు.

"ఏమే, ఏమీ అనవేం?"

"ఏమంటాను బావా! విన్నది నువ్వు."

మామ లేచాడు. "విన్నాక ఊరుకుంటే ఇక ఈ చెవి నా మాట వింటుందా?" అని, మేడమ్ గది వైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఒకసారి ఆగి మీసం సర్దుకున్నాడు. తల దించుకుని చెప్పే మాటైనా మీసం దించుకుని చెప్పడం ఆయనకు రాదు.

"మేడమ్, మెరక వీధి నీళ్ళు తాగేది మీరన్నట్టు నా మడే. మగ్గుతో కాదు, కింది నుంచి. అక్కడున్నది నా మొదటి జాయింటు. నేను మొన్న మీకు చెప్పింది తప్పు. తవ్వాలి."

మేడమ్ ఆయన్ని చూసింది, కిటికీలోంచి మెట్టతామరలను చూసింది. "హస్తవాసి" అంది. నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి టోపీ పెట్టుకుంది.

మర్నాడు పొద్దున పంపుహౌసు ముందు తిరునాళ్ళ. మెరక వీధి వీధంతా బకెట్లతో సహా వచ్చింది, బకెట్లెందుకో వాళ్ళకే తెలియదు. కూలీలు గునపాలెత్తితే మామ ఆపి, మొదటి మెట్టతామరను తనే తవ్వి తీశాడు. తరవాత పారలు దిగాయి. మోకాలి లోతుకు మట్టి నల్లబడింది, నడుం లోతుకు బురదయింది, ఆపైన గుంటలో నీళ్ళు ఊరి, ఆవలింత తోడుతూనే ఉన్నాడు. ఆవలించకుండా అతను అంతసేపు పనిచెయ్యడం చూసి, వాళ్ళావిడ దిష్టి తీస్తానంది.

"కనబడింది!"

జనం గుంట మీదికి ఒరిగారు. పైపు, దాని మెడ చుట్టూ అతుకు మూయడానికి కరిగించి పోసిన సీసపు కడియం. పై నుంచి చూస్తే కంసాలి చేసిన నగలా ఉంది. మామ బురదలో బోర్లా పడుకుని, భార్య సంచిలోని చిన్న అద్దం అడిగి తీసుకుని, పైపు కిందికి పెట్టి చూశాడు. కింద వైపు, అప్పటి కుర్రవాడి చెయ్యి తిరగని చోట, కన్ను చేరని చోట, సీసం సగమే పాకింది. ఆ సందులో కుక్కిన జనపనార ఎప్పుడో కుళ్ళి, అక్కడి నుంచి నీరు సన్నటి తీగలా, తెంపు లేకుండా చిమ్ముతోంది.

"ఏం కనబడుతోంది బావా?" అని పైనుంచి మరదలు.

"నా మొహం!" అన్నాడు మామ, అద్దంలోకి చూస్తూ. గుంట చుట్టూ నవ్వులు పొంగాయి. అందరికంటే గట్టిగా గుంటలోంచే వినిపించింది.

ట్యాంకు దగ్గర నీళ్ళు కట్టేశారు. మేడమ్ రబ్బరు పొరతో రెండు ముక్కలుగా వచ్చే, అతుకు చుట్టూ బిగించే కొత్త కాలరు తెప్పించింది. "కూలీలు బిగిస్తారు మేస్త్రీ గారూ, మీరు పైకి రండి" అంది.

"మొదటిసారి నేనే కదా మేడమ్. రెండోసారి కూడా నేనే." పాత సీసాన్ని గీకి, మెడ తుడిచి, కాలరు తొడిగి, బోల్టులు ఒకటి తరవాత ఒకటి బిగించాడు. ఈసారి ఎడమ చేతిలో అద్దం ఉంది.

"వదలండి!"

నీళ్ళు వదిలారు. పైపు ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. మామ కాలరు కింద అరచెయ్యి పెట్టి ఉంచాడు. తీసి చూపించాడు. పొడిగా ఉంది. ఈలోగా మెరక వీధి నుంచి పరుగెత్తుకొస్తున్న ఒక ముసలావిడ కేక ఆవిడకంటే ముందు చేరింది. "వస్తున్నాయర్రా! కుళాయి దగ్గింది, తుమ్మింది, ఇప్పుడు దూకుతోంది! బకెట్లు ఇక్కడేం చేస్తున్నాయి?" మెరక వీధి మొత్తం బకెట్లెత్తుకుని కొండెక్కింది. ఎవరూ మామకు కృతజ్ఞతలు చెప్పలేదు. తీరికేదీ!

గుంట పూడ్చాక మడి దాదాపు బోడిగా మిగిలింది. పలకలు పరచడానికి ఇంతకంటే అనువైన నేల ఉండదు. మామ సిమెంటు సంచి దగ్గరికి నడిచాడు, ఇచ్చిన మాట ప్రకారం.

"ఎక్కడికి?" అంది మేడమ్. "వాన ఇంకా పడలేదుగా. గడువు ఉంది."

మరదలు చివరి ట్రే తెచ్చింది, రాళ్ళూ కంకరా దండిగా కలిపారు, గోడ పక్కనున్న నాలుగు పెద్ద మొక్కలను మధ్యకు మార్చకుండా అక్కడే ఉండనిచ్చారు. ఎండ తన పని తాను చేసింది. ఈసారి నేల అడుగు కూడా ఎండింది. ఒకటి రెండు మిగిలిన మెట్టతామరలు ఆకులు చుట్టేసుకుని, ఇన్నాళ్ళూ మేపిన చెయ్యి ఎవరిదో బయటపెట్టాయి. లావెండర్లు మాత్రం మొదటిసారి ఒళ్ళు చేశాయి. ఆకాశంలో మబ్బులు పోగవుతుంటే ఊరంతా సంబరపడింది. మామ ఒక్కడికీ గుండె దడ. రోజూ పొద్దున కంకుల కోసం వెతికి, సాయంత్రం మబ్బులను అదలించేవాడు. "ఆగండే, ఒక్క వారం ఆగండే!"

ఒక మధ్యాహ్నం ఆవలింత కేక పంపుల హోరును మించి వినబడింది. "గురువుగారూ! పూసింది!"

గోడ పక్కన పెద్ద మొక్క. సన్నటి కాడ చివర ఊదారంగు కంకి, గోరంత. దాని పక్కన ఇంకోటి. మామ వంగి చూస్తూండగానే మూపు మీద టప్పున ఒక చుక్క పడింది. మేడమ్ కిటికీ తెరుచుకుంది. మామ ఒక వేలుతో పువ్వును, ఇంకో వేలుతో ఆకాశాన్ని చూపిస్తూ, "ముందు ఇది మేడమ్! తరవాత అది! వీడు సాక్షి!" అని అరిచాడు.

"చూశాను!" అంది మేడమ్. "మడి మీది. ఇంకో మాట. ఊళ్ళో ప్రతి వాల్వు గుంట పక్కనా వీటిని నాటించండి. ఎక్కడ తల వాలిస్తే అక్కడ తవ్వుదాం."

వాన దబదబా అందుకుంది. వీధుల్లోకి జనం పరుగెత్తుకొచ్చారు. పెద్దా చిన్నా తలలెత్తి నోళ్ళు తెరిచి తడిశారు. బకెట్లు, గిన్నెలు, టబ్బులు గుమ్మాల ముందు మోగాయి. ఆ హడావిడిలో, బతుకంతా ఊరికి నీళ్ళు పంచిన మనిషి గొంతుక్కూర్చుని, తన పెద్ద నల్ల గొడుగును పౌడరు మొక్కల మీద పట్టుకుని ఉన్నాడు. గొడుగు అంచు నుంచి కారే నీళ్ళన్నీ ఆయన వీపు మీదే పడుతున్నాయి.

"ఏవండీ! నిలువునా తడిసిపోతున్నారు, లోపలికి రండి!" అని భార్య గుమ్మంలోంచి మొత్తుకుంది.

"నాకేమవుతుందే!" అన్నాడు నీళ్ళమామ. "నా వేళ్ళు కుళ్ళవు. నువ్వు రా, ఆ రెండో గొడుగు పట్టుకుని రా!"